వెండెల్ చూసొచ్చిన హెరన్ల పండగ

వెండెల్ క్రుపికా చెప్పినదాంట్లో సగం తీసేసి, మిగిలినదాన్ని మళ్ళీ సగం చేసుకుని, అప్పుడు కూడా పక్కవాణ్ణి ఒక మాట అడిగి మరీ నమ్మాలని ఫెర్రీ బెండ్ ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలుసు. నలభై ఏళ్ళు మిసిసిపీ నది మీద సరుకు పడవల్లో పనిచేసిన మనిషి. ఒకసారి తన గాలానికి తగులుకున్న వాలుగ చేప పదిహేను పడవల వరసని ఏటికి ఎదురుగా మినసోటా దాకా లాక్కుపోయిందని చెప్పాడు. ఆ చేపనేం చేశావయ్యా అంటే, "పాపం, అలిసిపోయింది. వదిలేశాను" అన్నాడు.

అలాంటివాడు ఆ జనవరి సోమవారం పొద్దున్న అర్డిస్ బేకరీ తలుపు ముందు నిలబడి, బూట్లకంటిన మంచు దులుపుకుంటూ, ఇవాళ ఉన్నది ఉన్నట్టు చెప్పేద్దామనుకున్నాడు.

చెప్పాల్సింది పెద్దదేం కాదు. శుక్రవారం తెల్లవారకముందే హెరన్స్ జట్టు అభిమానుల పండగకని నగరానికి బయలుదేరాడు. ఏటా జనవరిలో, బేస్‌బాల్ ఆటలు మొదలవడానికి ఇంకా మూడు నెలలుందనగా, బయట మోకాల్లోతు మంచు పడి ఉండగా, నగరంలో పెద్ద హోటల్లో ఆ పండగ జరుగుతుంది. ఆటగాళ్ళొస్తారు, ఆడి మానేసిన ముసలాళ్ళొస్తారు, జనం వరసల్లో నిలబడి బంతుల మీద సంతకాలు పెట్టించుకుంటారు, వేసవిని కాస్త ముందుగా నాలిక మీద వేసుకుని ఇళ్ళకి పోతారు. పద్దెనిమిదేళ్ళుగా వెండెల్ ఒక్కటీ తప్పలేదు. ఈసారి సగం దారిలో మంచువాన పట్టుకుంది. పడ్డ చినుకు పడ్డట్టే గడ్డకట్టి రోడ్డు అద్దమైపోయింది. అతని పాత ట్రక్కు జారుకుంటూ పోయి, పందులు పెంచే ఒక రైతు పొలంలో ముక్కు పాతుకుంది. రెండు రోజులు ఆ రైతు ఇంట్లోనే. కరెంటు లేదు. ఫోను చచ్చిపోయింది. ఆదివారం ట్రాక్టరుతో బండి లాగించుకుని, పండగ ఎలాగూ అయిపోయుంటుందని ఉసూరుమంటూ తిరుగుముఖం పట్టాడు.

ఇంకెవరికైనా అయితే రెండు ముక్కల్లో చెప్పి, కాఫీ తాగేసేవాడు. కానీ కోటు లోపలి జేబులో ఒక కవరుంది. అది అర్డిస్ ఇచ్చింది.

అర్డిస్ టోలెఫ్‌సన్‌కి అరవై నాలుగేళ్ళు. బేకరీ వాళ్ళ నాన్న ఎమ్మెట్ పెట్టింది. పిండి కలపడానికి ముందు, కుర్రతనంలో, ఎమ్మెట్ హెరన్స్ చొక్కా తొడుక్కున్నాడు. ఎక్కువ రోజులు కాదు, అయినా తొడుక్కున్నాడు. అభిమానుల పండగలో హాలు పొడుగునా ఒక గోడ కడతారు. ఒక్కరోజైనా ఆ చొక్కా వేసుకున్న ప్రతి మనిషి ఫోటో ఆ గోడ మీద ఉంటుంది. ఎమ్మెట్‌ది లేదు. అర్డిస్ రెండుసార్లు ఉత్తరం రాసింది. రెండోదానికి జవాబొచ్చింది, ఫోటో ఉంటే పండగ రోజున తెచ్చి ఆ గోడ పక్కనుండే బల్ల దగ్గర ఇవ్వమని. శని ఆదివారాలు బేకరీకి మంచి బేరాలు, మూయడానికి లేదు. అందుకని గురువారం ఆమె ఆ కవరు వెండెల్ చేతిలో పెట్టి, తన రెండు చేతులతో అతని పిడికిలి మూసింది.

"ఇదొక్కటే ఉంది, వెండెల్" అంది.

ఆ కవరు ఇంకా జేబులోనే ఉంది. తలుపు తోశాడు. గంట మోగింది. లోపల వేడి, పొంగిన పిండి వాసన, ప్లమ్ పండ్ల జామ్ వాసన. కిటికీ పక్క బల్ల దగ్గర ఎప్పుడూ ఉండే ఇద్దరూ ఉన్నారు: పశువుల దాణా కొట్టు నార్బర్ట్, రోడ్ల మీద మంచు తోసే బండి నడిపే క్లీటస్.

"వచ్చాడయ్యా పెద్దమనిషి!" అన్నాడు నార్బర్ట్. "ఏం వెండెల్, పండగెలా జరిగింది?"

అర్డిస్ అటు తిరిగి పళ్ళెంలో కొలాచీలు, నడిమధ్య తీపి పూర్ణం పెట్టిన బన్నులు, సర్దుతోంది. జరిగింది అన్న మాట వినపడగానే ఆమె చేతులాగిపోయాయి. వెనక్కి తిరగలేదు. తెల్లజుట్టు ముడి కింద ఆమె మెడ ఒక్కటే వింటున్నట్టు నిలబడిపోయింది. ఆ మెడ వంక చూశాక వెండెల్‌కి తాను అనుకున్న రెండు ముక్కలూ చెప్పబుద్ధి కాలేదు.

"బ్రహ్మాండంగా జరిగింది" అంది అతని నోరు.

"జనం బాగా వచ్చారా?" అన్నాడు క్లీటస్, కప్పులోకి చూసుకుంటూ.

"జనమా! ఇసుక చల్లితే కింద రాలదు."

"అంత మంచువానలోనూ?"

"మంచువాన ఆపుతుందా హెరన్స్ అభిమానిని? నువ్వు ఆ బండి నడుపుతావు కాబట్టి నీకు మంచంటే భయం. మాకు లేదు."

క్లీటస్, నార్బర్ట్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అది మెచ్చుకోలనుకున్నాడు వెండెల్. కుర్చీ లాక్కున్నాడు. అర్డిస్ వచ్చి అతని ముందు కాఫీ పెట్టింది, పక్కన గసగసాల కొలాచీ పెట్టింది, మళ్ళీ వెనక్కి పోయి పళ్ళెం దగ్గర నిలబడింది. ఏమీ అడగలేదు. అడిగుంటే బాగుండేదని వెండెల్‌కి తర్వాత అనిపించింది.

"నేను చేసింది పెద్దదేం కాదనుకోండి" అని మొదలుపెట్టాడు. "వరసలో ముందు నిలబడ్డాను, అంతే. ఎలాగంటారా? హోటలు తలుపు గడ్డకట్టుకుపోయింది. గాజు తలుపు, ఇత్తడి పిడి, మంచు పట్టి రాయైపోయింది. బయట మూడువేల మంది, కాళ్ళు తాటించుకుంటూ, చంటిపిల్లలతో సహా. లోపల జట్టు జట్టంతా, బయటికి రాలేక, గాజుకి ముక్కులానించి మా వంక చూస్తోంది. సుత్తులు తెచ్చారు, ఉప్పు తెచ్చారు, ఏదీ పనిచెయ్యలేదు. అప్పుడు నేను నా ఫ్లాస్కు మూత తీశాను. అర్డిస్ పోసిచ్చిన కాఫీ. ఒక్క చుక్క, నిజం చెబుతున్నాను, ఒకే ఒక్క చుక్క ఆ తాళం కన్నంలో పోశాను. తలుపు కళ్ళు తెరిచినట్టు తెరుచుకుంది."

"నీ కాఫీ అంత ఘాటా, అర్డిస్?" అన్నాడు నార్బర్ట్.

"అతనికి పోసింది మామూలుదే" అంది అర్డిస్.

"అదిగో, ఆవిడే చెబుతోంది, మామూలుదే! మరి మీరే ముందు నడవండి సార్ అన్నారు, నడిచాను. అందులో గొప్పేముంది? లోపల మొదటి బల్ల దగ్గర ఎవరు కూర్చున్నారో తెలుసా? ఎడమచేతి హానిగన్. మన చిన్నప్పుడు బంతి విసిరితే బ్యాట్ పట్టుకున్నవాడికి చప్పుడు తప్ప బంతి కనపడేది కాదే, ఆ హానిగన్. ఎనభై ఎనిమిదేళ్ళు ఇప్పుడు. వేళ్ళు కొంకర్లు పోయాయి. సంతకం పెట్టడం మొదలుపెట్టి మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయాడు. వెనకాల వరస చూస్తే నది అవతలిదాకా ఉంది. ఆయన కళ్ళల్లో నీళ్ళు. నేను చూడలేక ఆ కలం తీసుకున్నాను. నాలుగు వందల బంతులు! ఆయన సంతకమే, ఆ వంపు, ఆ కొక్కెం, అచ్చు దించేశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆఖర్న ఆయనే లేచి, వరస చివరికి పోయి నిలబడి, తన వంతు వచ్చాక బంతి చాపి, 'బాబూ, నాకూ ఒకటి పెట్టివ్వవా, మా మనవడు నమ్మడు' అన్నాడు."

నార్బర్ట్ గట్టిగా నవ్వబోయి, దగ్గుగా మార్చేశాడు. క్లీటస్ బల్లకింద అతని కాలు తొక్కాడు.

వెండెల్ కాఫీ గుక్క తాగాడు. ఇక్కడితో ఆపేస్తే సరిపోతుందనిపించింది. కవరు సంగతి ఎవరూ ఎత్తకముందే టోపీ పెట్టుకుని లేచిపోతే, ఆ ఫోటోని పోస్టులో పంపించేసి, ఎప్పుడో ఒకప్పుడు... అర్డిస్ పళ్ళెం వదిలేసి ఇటు తిరిగింది. చేతులు తుడుచుకునే గుడ్డని మెలిపెడుతోంది.

"గోడ కట్టారా ఈసారి?" అంది.

"కట్టారు" అన్నాడు వెండెల్.

"అక్కడికే వస్తున్నాడులే, తొందరపెట్టకు" అన్నాడు క్లీటస్. అతని మాటలో ఏదో ఉంది. వెండెల్ దాన్ని పట్టించుకునే స్థితిలో లేడు.

"అక్కడికే వస్తున్నాను. కానీ మధ్యలో ఇంకోటుంది. హాలు మధ్యలో పిల్లలు బంతులు విసరడానికి వల కట్టారు. జట్టు శిక్షకుడు నన్ను చూసి, ఏం పెద్దాయనా, ఒకటి వేస్తావా అన్నాడు. వద్దండీ, నా భుజం మంచిది కాదు, ఏదైనా అయితే నన్ననకండి అన్నాను. వినలేదు. సరే అని వేశాను. ఊరికే, మెల్లగా, ఇలా. అది వలలోకి పోలేదు. పైకి పోయింది. ఆ హాలు కప్పుకి గాజు దీపాల గుత్తి వేలాడుతూ ఉంటుంది, మన బేకరీ అంత ఉంటుంది. బంతి అందులోకి దూరింది. దూరి, ఇక కిందికి రాలేదు."

"ఇరుక్కుందా?"

"ఇరుక్కుంటే చెప్పడమెందుకు? తిరుగుతోంది, నార్బర్ట్. ఆ గాజు పూసల మధ్య, ఒక్కో పూసనీ తాకుతూ, తీరుబడిగా. వసంతం వస్తే మన నది మీద మంచు పలకలు విడిపోతూ ఒకదానికొకటి తగులుతాయి చూడు, ఆ చప్పుడు. మూడువేల మందీ తలలు పైకెత్తారు. ఒక్కరు మాట్లాడితే ఒట్టు. చంటిపిల్లలు కూడా ఏడుపు మానేశారు. అలా చూస్తూ చూస్తూ ఉండగా, ఆ వెలుగు మారింది."

ఇక్కడ వెండెల్ గొంతు కాస్త తగ్గింది. ఎందుకు తగ్గిందో అతనికే తెలియదు. చేపల గురించి చెప్పేటప్పుడు అతని గొంతెప్పుడూ తగ్గలేదు.

"దీపం వెలుగు కాదది. జూలై నెల, సాయంత్రం అయిదు గంటలప్పుడు, స్టేడియంలో మూడో బేస్ వైపు మెట్ల మీద ఎండ పడుతుందే, ఆ వెలుగు. కాళ్ళకింద మెత్తగా తగిలింది. చూస్తే తివాచీ లేదు, గడ్డి. అప్పుడే కోసిన గడ్డి, తడివాసన. నేను బూట్లు విప్పేశాను. అందరూ విప్పేశారు. కిటికీల్లోంచి చూస్తే బయట మంచు పడటంలేదు, పైకి పోతోంది. నేలమీంచి లేచి ఒక్కో తునకా తొందరలేకుండా ఆకాశంలోకి వెనక్కి పోతోంది, ఎవరో పిలిస్తే వెళ్తున్నట్టు. కార్ల మీంచి, చెట్ల మీంచి, జనం టోపీల మీంచి. ఎక్కడో వేరుశనక్కాయలమ్మేవాడి కేక వినపడింది. గోడలెక్కడికి పోయాయో నేను చూడలేదు."

బేకరీలో వెనక పొయ్యి గంట టింగుమంది. లోపల మాడిపోయేదేదో ఉండి ఉంటుంది, అయినా అర్డిస్ కదల్లేదు.

"గోడలు పోతే మరి ఫోటోల గోడ?" అన్నాడు క్లీటస్, కొంచెం మెల్లగా.

"అదొక్కటీ ఉంది. గడ్డి మధ్యలో, ఎండలో నిలబడి ఉంది. నేను బల్ల దగ్గరికి పోయాను. అక్కడొక అమ్మాయి. అమ్మా, ఇదిగో, ఎమ్మెట్ టోలెఫ్‌సన్, ఫెర్రీ బెండ్ మనిషి అని కవరు చేతిలో పెట్టాను. ఆ అమ్మాయి చూసింది. చూసి, లేచి నిలబడింది. ఒక పెద్దాయన్ని పిలిచింది, ఆయన ఇంకొకాయన్ని పిలిచాడు, చివరికి జట్టు యజమానే వచ్చాడు. ఫోటో రెండు చేతుల్తో పట్టుకుని, 'ఇన్నాళ్ళూ ఎక్కడున్నాడు ఈయన' అన్నాడు. బేకరీలో ఉన్నాడండీ అన్నాను."

అర్డిస్ గుడ్డతో ముక్కు తుడుచుకుంది.

"చట్రం కట్టారు. కానీ గోడమీద చోటేదీ? అంగుళం ఖాళీ లేదు. వందేళ్ళ ఆటగాళ్ళు, భుజాలు భుజాలు ఒరుసుకుంటూ. యజమాని ఇటు చూస్తాడు, అటు చూస్తాడు. అప్పుడేమైందో తెలుసా? పై వరసలో మీసాలాయన ఒకాయన, నల్లటి ఫోటో, పేరు కూడా చెరిగిపోయింది. ఆయన పక్కవాడితో, 'జరగరా కాస్త' అన్నాడు. పక్కవాడు జరిగాడు. వాడు తన పక్కవాణ్ణి తోశాడు. అలా వరస వరసంతా సర్దుకుంది, రైల్లో ముసలావిడెక్కితే సర్దుకున్నట్టు. మధ్యలో సరిగ్గా ఒక ఫోటో పట్టేంత చోటు. మేకు కూడా కొట్టక్కర్లేకపోయింది."

నార్బర్ట్ నవ్వలేదు. "మా తాత ఫోటో కూడా అక్కడుంటే బాగుండు" అన్నాడు. వాళ్ళ తాత ఏనాడూ బంతి ముట్టుకోలేదు.

"మా నాన్న ఫోటోలోనే ఉండిపోయాడా?" అంది అర్డిస్. "లేకపోతే..."

ఆమె అడిగిన తీరుకి వెండెల్‌కి ఇది అబద్ధమని, తాను చెబుతున్నానని, ఆ కవరు తన గుండెకి ఆనుకునే ఉందని గుర్తొచ్చింది. ఆగాలనుకున్నాడు. కానీ ఆమె కళ్ళు అటుపక్క గడ్డినీ ఎండనీ చూస్తున్నాయి, వాటిని పెట్టింది తనే. ఇప్పుడు తీసేయడం ఎలా?

"దిగాడు" అన్నాడు. "అందరూ దిగారు. ఒక్కొక్కరే చట్రం అంచుమీద చెయ్యి వేసి, మెట్టు దిగినట్టు. ఉన్ని చొక్కాలు, పాతకాలం టోపీలు. మీ నాన్న చొక్కా ఆయనకి రెండింతలుంది. చొక్కా చేతులు పైకి మడతపెట్టుకున్నాడు."

"ఫోటోలోనూ అంతే" అంది అర్డిస్. "వాళ్ళకి ఆయన కొలత చొక్కా లేదట." తర్వాత తనలో తాను అనుకున్నట్టు అంది: "ఒక్క ఆటే ఆడాడు మా నాన్న. ఆట కూడా కాదు. కాలు బెణికిన వాడి బదులు పరిగెత్తమని పంపారు. మొదటి బేస్ నుంచి మూడోదాకా వచ్చాడు. తర్వాతి వాడు కొట్టిన బంతి గాల్లోకి లేచి పట్టుబడిపోయింది. ఆట అయిపోయింది. మర్నాడు రైలెక్కించి పంపేశారు."

ఆ ముగ్గురికీ అది కొత్త కాదు, అయినా ఆమె నోట విన్నది అదే మొదటిసారి. మూడు బేసులూ తాకి, బయలుదేరిన చోటికి తిరిగొస్తేనే బేస్‌బాల్లో పరుగు. ఆ చోటుని ఇల్లనే అంటారు. మూడోదాకా వచ్చి ఆగిపోయినవాడు ఎంత పరిగెత్తినా, పుస్తకంలో అతని పేరు పక్కన సున్నాయే ఉంటుంది.

"అందుకేగా ఆట మళ్ళీ మొదలుపెట్టింది!" అన్నాడు వెండెల్, కుర్చీలోంచి లేచిపోతూ. "ఎక్కడ ఆగిందో అక్కణ్ణించే. ఎవరు చెప్పారో తెలియదు, ఎవరూ చెప్పలేదనుకుంటా. ఎవరి చోట్లలోకి వాళ్ళు నడిచారు. మీ నాన్న మూడో బేస్ మీదకి పోయి నిలబడ్డాడు. ఆ రోజు గాల్లోకి కొట్టినవాడే బ్యాట్ పట్టుకున్నాడు, సిగ్గుతో తలొంచుకుని. బంతి విసరాలి. బంతేదీ? ఎవరి దగ్గరా లేదు. అందరూ పైకి చూశారు. గాజు పూసల్లో తిరిగీ తిరిగీ, నా బంతి అప్పుడు దిగింది. నేరుగా హానిగన్ చేతిలోకి. కొంకర్లుపోయిన వేళ్ళు విచ్చుకున్నాయి. విసిరాడు. కొట్టాడు! చప్పుడు విన్నాను, అర్డిస్, ఆ చప్పుడు ఇక్కడ, ఈ పక్కటెముకల్లో ఉంది. బంతి నేలబారున పోయింది, గడ్డిని చీల్చుకుంటూ. మీ నాన్న కదిలాడు. మొదటి అడుగు, రెండో అడుగు, చొక్కా వెనకాల తెరచాపలా ఉబ్బింది, టోపీ ఎగిరిపోయింది, మూడువేల మందిమీ ఉత్త కాళ్ళమీద నిలబడి..."

"వెండెల్" అన్నాడు క్లీటస్.

"...మొత్తం హాలంతా ఒక్క గొంతుతో..."

"వెండెల్, ఆపవయ్యా. పండగ జరగలేదు."

వెండెల్ చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

"శుక్రవారం పొద్దున ఏడింటికే రేడియోలో చెప్పారు" అన్నాడు క్లీటస్. మొహం ఎర్రబడింది. నవ్విద్దామని దాచుకున్న మాట, నవ్వు లేకుండా బయటికొచ్చింది. "మంచువానకి వాయిదా వేశారు. వచ్చే శనివారం జరుగుతుంది. రహదారి మూసేసింది మా బళ్ళే. శుక్రవారం నుంచి ఆ హోటల్లోకి ఈగ కూడా పోలేదు."

"ఊరంతటికీ తెలుసు" అన్నాడు నార్బర్ట్, చిన్నగా. "ఎంతదాకా పోతావో చూద్దామని..."

వెండెల్ కూర్చున్నాడు. కూర్చున్నాక ముసలాడైపోయాడు. తాను వెళ్ళలేకపోయిన పండగ ఎక్కడో తాను లేకుండా జరిగిపోయిందని రెండు రోజులు కుమిలిపోయాడు. అది జరగనే లేదు. అతను అర్డిస్ వంక చూడటానికి చాలాసేపు పట్టింది.

"నీకు కూడా తెలుసా?"

"శుక్రవారం నుంచి తెలుసు" అంది.

తర్వాత ఆమె క్లీటస్ వైపు తిరిగింది. పాతికేళ్ళుగా ఆ బేకరీలో కాఫీ తాగుతున్నాడు క్లీటస్, ఆమె గొంతు అంత గట్టిగా లేవడం ఎప్పుడూ వినలేదు.

"ఇంకొక్క నిమిషం ఆ నోరు మూసుకోలేకపోయావా? మా నాన్న మూడో బేస్‌కీ ఇంటికీ మధ్యలో ఉన్నాడు!"

క్లీటస్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

వెండెల్ కోటు గుండీలు విప్పి, లోపలి జేబులోంచి కవరు తీశాడు. బల్ల తుడిచి దాని మీద పెట్టాడు. "తడవలేదు" అన్నాడు. "పందుల రైతింట్లో ఉన్నాను. ఈస్ట్‌మన్ అని, మంచివాడు. కరెంటు పోయింది, ఒక పంది ఈనుతోంది. పిల్లలు చలికి చచ్చిపోతాయని వంటింట్లో కట్టెలపొయ్యి దగ్గర పెట్టెలో పెట్టాం. నేను దీపం పట్టుకున్నాను. ఇది చొక్కా లోపల పెట్టుకున్నాను. అంతే."

"ఎన్ని పిల్లలు?" అన్నాడు నార్బర్ట్.

"పదకొండు."

"పదకొండేనా?"

"పదకొండే. ఒకటి చచ్చిపోయింది. పది."

అర్డిస్ కవరు తెరిచి ఫోటో చూసింది. అంచులు చూసింది. మళ్ళీ లోపల పెట్టి, కవరు కౌంటరు మీద పెట్టి, వెనక్కి పోయి పొయ్యి తలుపు తీసింది. మాడిన వాసన గదంతా కమ్మింది. పళ్ళేన్ని పక్కన పడేసి, వచ్చి వెండెల్ ఎదురుగా కుర్చీలో కూర్చుంది. తన బేకరీలో గిరాకీ కూర్చునే కుర్చీలో ఆమె ఏనాడూ కూర్చోలేదు.

"శనివారం బేకరీ మూసేస్తున్నాను" అంది. "ఇద్దరం పోదాం. బండి నేను నడుపుతాను, నీ ట్రక్కు వద్దు. ఆ బల్ల దగ్గర ఎవరున్నా ఫోటో నేనే ఇస్తాను."

"సరే" అన్నాడు వెండెల్.

"వాళ్ళు పెడతామంటే పెడతారు, లేదంటే లేదు. అది శనివారం సంగతి." చేతిలో గుడ్డ మడతపెట్టి బల్లమీద పెట్టింది. "ఇప్పుడు ఆయన్ని ఇంటికి చేర్చు."

"అర్డిస్, అదంతా..."

"తెలుసు. అయితే మాత్రం, మనిషిని దారి మధ్యలో వదిలేస్తావా?"

వెండెల్ క్లీటస్‌ని చూశాడు. క్లీటస్ నేల చూస్తున్నాడు. నార్బర్ట్ కప్పు ఎత్తి, చప్పుడు చెయ్యకుండా దించాడు. కిటికీ బయట మళ్ళీ మంచు పడటం మొదలైంది, సన్నగా.

వెండెల్ గొంతు సవరించుకున్నాడు. ఈసారి లేవలేదు, చేతులూపలేదు.

"బంతి దూరంగా పోయింది" అన్నాడు. "దాన్ని తేవడానికి పోయినవాడు ఇంకా తిరిగి రాలేదు. మీ నాన్నకి అడ్డం ఎవరూ లేరు. బాణంలా, గాలిని కోసుకుంటూ..."

"అంత జోరు వద్దు" అంది అర్డిస్. కళ్ళు మూసుకుని ఉంది. "నాకు ఊహ తెలిసేసరికే పిండి బస్తాలు మోసి ఆయన మోకాలు పోయింది. ఆయన పరిగెత్తడం నేను చూళ్ళేదు. నాకు తెలిసిన నడకతో రానీ."

వెండెల్ కాసేపు ఆలోచించాడు.

"సరే" అన్నాడు. "నడుచుకుంటూనే వస్తున్నాడు."